‘లేదు’ అన్న మాట లెక్కలోకి రాని కొట్టు: పూర్ణా మార్కెట్ నుంచి ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో కిరాణా హోల్‌సేల్ కొట్టు ఉంది. తండ్రీ కొడుకులు నడుపుతారు, లెక్కలు కోడలు చూసుకుంటుంది. కౌంటర్ దగ్గరా గోడౌన్‌లోనూ ఉన్న పనివాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నవాళ్లు. ఎంవీపీ కాలనీ, అక్కయ్యపాలెం టిఫిన్ సెంటర్లు, మద్దిలపాలెం హాస్టళ్లు, గాజువాక ఆటోనగర్ క్యాంటీన్లు, కొంతమంది కేటరింగ్ వాళ్లు వీళ్ల పెద్ద ఖాతాలు. ఇళ్లకి వెళ్లే సరుకు తక్కువ. నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. చిన్న వ్యాపారాలకి స్టాకు, ఖర్చులు, ధరల విషయంలో సలహా ఇవ్వడం నా పని. వాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వాళ్లు నన్ను పిలిచింది ఒకే ప్రశ్నతో: యాప్ ఎవరిచేత చేయించుకోవాలి?

అమ్మకాలు తగ్గుతున్న మాట నిజం. పది నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లే కారణమని కొడుకు నమ్మకం. మనకీ ఒక యాప్ ఉంటే పోయినవాళ్లు తిరిగి వస్తారంటాడు. తండ్రి మాట వేరు. జీఎస్టీ వచ్చాక జనం బిల్లు లేకుండా అమ్మేవాళ్ల దగ్గరికి మళ్లారని ఆయన అంటారు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మన కొట్టులో లోపం లేదు, బయట కాలం మారింది.

పెద్దాయన నమ్మకాన్ని పరీక్షించడం తేలిక కాబట్టి ముందు అది చూశాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బ్రాండ్ లేని పప్పులు, బియ్యం మీద పన్ను లేదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన వాటి మీద 5 శాతం వేశారు. ఈ కొట్టు నుంచి టిఫిన్ సెంటర్లకి వెళ్లేవి 30, 50 కిలోల బస్తాలు. వాటికి ఆ పన్ను తగలదు. ఖాతాలు తిరగేస్తే ముందుగా మానేసింది పప్పులు, మినపగుళ్లు బస్తాల లెక్కన కొనేవాళ్లే. పన్ను లేని సరుకు కొనేవాళ్లు పన్ను భారంతో వెళ్లిపోయారనడం కుదరదు.

కొడుకు నమ్మకం కూడా పెద్ద ఖాతాల విషయంలో నిలబడలేదు. పది నిమిషాల యాప్‌లు ఇళ్లకి కిలో, అరకిలో పాకెట్లు అమ్ముతాయి. అరువు మీద మినపగుళ్ల బస్తా పట్టుకెళ్లే టిఫిన్ సెంటర్ ఓనరుకి వాటితో పనిలేదు. ఇళ్ల ఖాతాలు కొన్ని అటు పోయి ఉండొచ్చు, కాదనను. కానీ కొట్టుకి దెబ్బ తగిలింది అక్కడ కాదు.

మానేసినవాళ్ల దగ్గరికి

కొట్టు లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో పాత ఖాతాల లెడ్జర్లు ఉన్నాయి కాబట్టి, ఒకప్పుడు వారం వారం కొని ఇప్పుడు కనిపించనివాళ్ల జాబితా తీయడం కష్టం కాలేదు. కొడుకుని వెంటబెట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాను. పెద్దాయనని రావద్దన్నాను. ఆయన ఎదురుగా ఉంటే టీ ఇచ్చి, క్షేమం అడిగి, మంచి మాటలే చెప్పి పంపిస్తారు.

ఎందుకు మానేశారని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ‘రేటు కుదరలేదండీ’ అనే. ఈ జవాబుని నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. ఎదుటి మనిషి తప్పు మొహం మీద చెప్పడానికి మొహమాటపడేవాళ్లకి రేటు ఒక మర్యాదైన సాకు. అందుకే నేను అడిగే ప్రశ్న వేరు: ‘మా కొట్టు నుంచి ఆఖరిసారి సరుకు తెప్పించుకున్న రోజు ఏం జరిగింది?’ ఒక రోజు సంగతి గుర్తు చేసుకోమంటే అభిప్రాయం పక్కకి పోతుంది, జరిగింది బయటికొస్తుంది.

ఎంవీపీ కాలనీలో ఒక టిఫిన్ సెంటర్ వంట మాస్టారు చెప్పింది ఇది: “మేం వాడే గుళ్లు అయిపోయాయని ఇంకో రకం పంపేశారండి. ఒక్క మాట సెప్పలేదు. మజ్జానం నానేశాం, సాయంత్రం రుబ్బేశాం. పొద్దున్న ఇడ్లీ తీస్తే గట్టిగా వచ్చింది. ఆ రోజు ఎంత పారేశామో మాకు తెల్సు.”

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, కిరాణా వ్యాపారం చేసేవాళ్లే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. మినపగుళ్లన్నీ ఒకటి కాదు. పంట, రకం, నిల్వ ఉన్న కాలం మారితే నీళ్లు పీల్చుకునే తీరు మారుతుంది, పిండి పొంగే తీరు మారుతుంది. ఇంట్లో అయితే చేయి చూసి సర్దుకుంటాం. తెల్లవారుజామున పొయ్యి వెలిగించి పది గంటల లోపు అమ్మకం ముగించే చోట సర్దుకోవడానికి టైమ్ లేదు. మధ్యాహ్నం నానబెట్టే వేళకి సరుకు రాకపోతే మర్నాటి పిండి లేదు. వచ్చిన సరుకు వేరే రకమైతే ఆ సంగతి మర్నాడు పొద్దున్న కస్టమర్ల ముందు గానీ తెలియదు.

మద్దిలపాలెం హాస్టల్ వార్డెన్ ఇచ్చిన జవాబులో కోపం కూడా లేదు. తన చీటీలో ఎప్పుడూ ఒకటో రెండో సరుకులు తక్కువ వచ్చేవట. వాటి కోసం ఎలాగూ ఇంకో కొట్టుకి వెళ్లాలి కాబట్టి, అన్నీ అక్కడే కొనేయడం మొదలుపెట్టారు.

తిరిగొచ్చి ఈ రెండు ఖాతాల పాత బిల్లులు కంప్యూటర్‌లో చూశాం. టిఫిన్ సెంటర్‌కి వేరే రకం పంపిన రోజు కంప్యూటర్ లెక్కలో మంచి అమ్మకం. హాస్టల్‌కి రెండు సరుకులు తగ్గించి పంపిన రోజు కూడా మంచి అమ్మకమే, ఎందుకంటే పంపని సరుకు బిల్లులో ఉండదు. కస్టమర్ తెగిపోవడానికి కారణమైన ఆ రెండు రోజులూ కొట్టు చరిత్రలో లాభం వచ్చిన రోజులుగా నమోదై ఉన్నాయి. చాలా వ్యాపారాల్లో ఉండే లోపమే ఇది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినది రాస్తుంది. అడిగినది రాయదు. అమ్మకాల లెక్క చూసి ‘జనానికి ఏం కావాలో మాకు తెలుసు’ అనుకుంటాం. మనకి తెలిసింది మన దగ్గర ఉన్నవాటిలో జనం ఏం తీసుకున్నారన్నదే.

పెద్దాయన దీనికి ఒప్పుకోలేదు. “అమ్మా, వందలో తొంభై అయిదు సరుకులు మా దగ్గర దొరుకుతాయి. ఇంకేం కావాలి?” అన్నారు. ఆ తొంభై అయిదు నిజమే అనుకుని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఒక సరుకు దొరికే అవకాశం 95 శాతం. పది సరుకులున్న చీటీలో పదీ దొరకాలంటే 0.95ని పదిసార్లు గుణించాలి. వచ్చేది దాదాపు 60 శాతం. అంటే పది చీటీల్లో నాలుగు ఏదో ఒకటి తగ్గి వెళతాయి. హాస్టల్‌లాగా ఇరవై సరుకులు రాసే చోట చీటీ మొత్తం నిండే అవకాశం 36 శాతమే. ఒక సరుకు లేకపోవడానికి, ఇంకోటి లేకపోవడానికి సంబంధం లేదన్న ఊహ మీద వేసిన లెక్క ఇది. నిజంలో కొంత అటూ ఇటూ అవుతుంది. కానీ కొట్టువాడు సరుకుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు, కస్టమర్ చీటీ మొత్తాన్ని ఒకటిగా చూస్తాడు. ఆ తేడా ఎంత పెద్దదో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పెద్దాయన కాలిక్యులేటర్ తీసుకుని తనే మళ్లీ గుణించి చూసుకున్నారు.

‘ఎవరు?’

ఆయన నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు, దాని పట్ల నాకు గౌరవం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడింది. రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పనిచేయలేదు, పాల పాకెట్టుకీ కొవ్వొత్తికీ జనం తిరగాల్సి వచ్చింది. అప్పుడు ఈ కొట్టు తెరిచే ఉంది. మామూలు రేటుకే అమ్మింది. మార్కెట్‌లో పాతవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెబుతారు. ‘మా కొట్టులో లేనిది ఉండదు’ అన్న మాట ఆయనకి అప్పటి నుంచి పేరులాంటిది. పేరైపోయిన మాటని ఎవరూ మళ్లీ సరిచూసుకోరు.

మనిషి తన నమ్మకాన్ని ఎలా సరిచూసుకుంటాడన్న దానిపై పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక ప్రయోగం ప్రచురించాడు. 2, 4, 6 అనే మూడు అంకెలు ఇచ్చి, వీటి వెనక ఒక నియమం ఉంది, మీరు వేరే అంకెలు చెప్పి అది ఏమిటో కనిపెట్టండి అన్నాడు. చాలామంది ‘రెండేసి పెరుగుతున్నాయి’ అనుకుని 8, 10, 12 లాంటివే చెబుతూ పోయారు. ప్రతిసారీ సరే అనిపించుకున్నారు. అసలు నియమం ‘పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా’. తమ ఊహ తప్పని తేల్చగలిగే అంకెలు ఒక్కసారి చెప్పి ఉంటే బయటపడేది. పెద్దాయన రోజూ గల్లా దగ్గర కూర్చుని, వచ్చిన ఖాతాదారులని “అంతా బావుందా?” అని అడిగేవారు. బావుందనే అనేవారు. బావుండనివాళ్లు అసలు రాలేదు.

శ్రావణ మాసం మొదట్లో కౌంటర్ దగ్గర ఒక పుస్తకం పెట్టించాను. అడిగిన సరుకు లేకపోయినా, వేరే రకం ఇచ్చినా, ఆలస్యమైనా ఒక్క గీతలో రాయాలి: తేదీ, సరుకు, ఖాతా. వరలక్ష్మీ వ్రతాల సీజన్. బెల్లం, శెనగలు, నెయ్యి కోసం కొట్టు నిండా జనం. పుస్తకం మాత్రం ఖాళీ.

పనివాళ్లని విడిగా కూర్చోబెట్టి అడిగాను. పాత మనిషి ఒకాయన చెప్పాడు: “రాస్తే షావుకారు గారు ‘ఎవడు సెప్పాడు లేదని?’ అంటారండి. తిట్టరు. కానీ ఆ రోజంతా ఆ మాటే. ఎందుకొచ్చిన గొడవ, ఉన్నదే ఇచ్చేస్తాం.” వేరే రకం మినపగుళ్లు చెప్పకుండా సంచిలోకి ఎలా వెళ్లాయో అప్పుడు నాకు అర్థమైంది. వాళ్లు సోమరులూ కాదు, మోసగాళ్లూ కాదు. ఆ కొట్టులో ‘లేదు’ అంటే ప్రశ్న పడుతుంది, ఏదో ఒకటి ఇచ్చేస్తే పడదు. పడకుండా ఉండే దారి వాళ్లు ఎంచుకున్నారు.

పెద్దాయనకి ఈ సంగతి చెబితే నిజంగానే ఆశ్చర్యపోయారు. “నేను ఒక్కణ్ణి కూడా పల్లెత్తు మాట అనను. అందుకే కదా ఇన్నేళ్లుగా ఉన్నారు!” ఇందులో అబద్ధం లేదు. ఆయన అరిచే మనిషి కాదు. నేను వాదించలేదు. కొట్టుకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. రోజూ పొద్దున్నే ఆయన అందులో వాయిస్ మెసేజీలు పెడతారు. వెనక్కి వెళ్లి వరసగా తన మెసేజీలే వినమన్నాను. ఎవరు తాళం వేశారు, ఎవరు బస్తా అక్కడ పెట్టారు, ఎవరు హాస్టల్‌కి ఫోన్ చేయలేదు. వరసగా విన్నారు. మధ్యలో ఆపి, “ఇన్ని ఉన్నాయా?” అని కోడలిని అడిగారు. ఆమె నెమ్మదిగా, “ఉన్నాయి మావయ్యా” అంది.

మన గొంతు మనకి ఎప్పుడూ మన ఉద్దేశంతో కలిసి వినిపిస్తుంది. ఆయన ఉద్దేశం పని జరగాలని. ఎదుటివాళ్లకి ఉద్దేశం వినిపించదు, ‘ఎవరు’ ఒక్కటే వినిపిస్తుంది. నేను ఆయన్ని మారమనలేదు, స్వభావం మార్చమని సలహా ఇచ్చే అర్హత నాకు లేదు. ఒక్క ప్రశ్న మార్చమన్నాను. ‘ఎవరు’ బదులు ‘ఏది, ఎప్పటి నుంచి’. మినపగుళ్లు లేవంటే, ఏ రకం లేదు, ఎప్పటి నుంచి లేదు. ఆయన గల్లా పెట్టె మూత లోపల ఆ రెండు మాటలు కాగితం మీద రాసి అంటించుకున్నారు. నేను ఆ సలహా ఇవ్వలేదు, అది ఆయనకే తోచింది.

ఆ తర్వాత పుస్తకం నిండడం మొదలైంది. బాగా నిండింది. దానితో పెద్దాయనకి టెన్షన్ పట్టుకుంది. “మీరొచ్చాక తప్పులు పెరిగాయమ్మా” అన్నారు. అప్పుడు ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి సంగతి చెప్పాను. హార్వర్డ్‌లో ఆవిడ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేసింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఊహించింది. లెక్క తీస్తే మంచి బృందాల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అక్కడ జనం పొరపాటుని భయం లేకుండా చెప్పుకుంటున్నారు, మిగతా చోట్ల దాచుకుంటున్నారు. పెద్దాయన ఎంతవరకు నమ్మారో గానీ పుస్తకం మాత్రం ఆపలేదు.

ఉండి కూడా లేనివి

పుస్తకంలో గీతల్ని విడదీస్తే మూడు రకాలు తేలాయి. కొట్టు ఎప్పుడూ పెట్టని సరుకులు కొన్ని. వాటిని వదిలేశాం. అయిపోయినవి కొన్ని. అన్నిటికన్నా ఎక్కువ మూడో రకం: సరుకు గోడౌన్‌లో ఉంది, కానీ అడిగిన టైమ్‌కి దొరకలేదు. వెనక బస్తాల కింద ఉంది, లేదా పక్క సందు గోడౌన్‌లో ఉంది, ఎండలో వెళ్లి వెతికే తీరిక ఎవరికీ లేదు.

ఇది తేలాక స్టాకు పెంచడానికి అప్పు తీసుకోవాలన్న ఆలోచన వాళ్లే విరమించుకున్నారు. రోజూ కదిలే సరుకు ముందుకి, నెలకోసారి కదిలేది వెనక్కి మార్చారు. టిఫిన్ సెంటర్లు వాడే మినపగుళ్ల రకాలకి విడిగా చోటు పెట్టి గోడ మీద పేరు రాశారు. ఖాతాలో కూడా ‘మినపగుళ్లు’ అని కాకుండా ఎవరు ఏ రకం వాడతారో రాయించాం. రకం మారాల్సి వస్తే బండి బయల్దేరకముందే ఫోన్ చేయాలి. వద్దంటే పంపకూడదు. అమ్మకం పోయినా సరే. ఈ నియమానికి పెద్దాయన వెంటనే ఒప్పుకున్నారు. కొడుకే తటపటాయించాడు.

ఒక చోట నా మాట నెగ్గలేదు. ముందు గోడౌన్‌లో మంచి భాగం పసుపు కొమ్ములకి కేటాయించి ఉంది. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి, ముఖ్యంగా గురువారాలు, జనం పోటెత్తుతారు. అప్పుడు పసుపు, కుంకుమలకి గిరాకీ. పెద్దాయన తండ్రి వ్యాపారం మొదలుపెట్టింది పసుపుతోనే. ఏడాదిలో కొన్ని వారాలు కదిలే సరుకు ఏడాది పొడుగునా ద్వారం దగ్గర ఉండటం స్థలం ఖర్చు ప్రకారం తప్పు. లెక్క చూపించాను. ఆయన విన్నారు, కాదన్నారు. ఆ గదికి ఆయన కడుతున్న ధర ఆయనకి తెలుసు. తెలిసి కడుతున్న ధరని నేను తప్పని రాయను.

యాప్ సంగతి

యాప్ కంపెనీ వాళ్ల డెమో నేనూ చూశాను. చక్కగా ఉంది. స్టాకు వివరాలు ట్యాలీ నుంచి తీసుకుని ఖాతాదారుడి ఫోన్‌లో చూపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఈ కొట్టులో కొనుగోలు బిల్లులు రాత్రి పూట, ఒక్కోసారి మర్నాడు ఎక్కిస్తారు. కొన్ని సరుకుల స్టాకు కంప్యూటర్‌లో మైనస్‌లో ఉంది. ఆ అంకెల్ని యాప్‌లో పెడితే, కౌంటర్ దగ్గర ఒకరికి చెప్పే తప్పు మాట ఊరంతటికీ ఒకేసారి చెప్పినట్టవుతుంది.

టెక్నాలజీ వద్దనడం నా ఉద్దేశం కాదు. ఇదే కొట్టులో 2016లో వచ్చిన యూపీఐని ఎవరూ నేర్పకుండానే అందరూ అందుకున్నారు. డబ్బు పడగానే చిన్న స్పీకర్ పైకి చెబుతుంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకేసారి వింటారు, సందేహం అక్కడే తీరుతుంది. జరిగినదానికీ మనకి తెలియడానికీ మధ్య దూరాన్ని అది తగ్గించింది. కొత్త పరికరం ఏది తెచ్చినా నేను అడిగేది ఇదే: ఏ దూరాన్ని తగ్గిస్తుంది? ఈ కొట్టులో దూరం ఖాతాదారుడికీ కౌంటర్‌కీ మధ్య లేదు, వాళ్లు ఎలాగూ వాట్సాప్‌లో చీటీ పెడుతున్నారు. దూరం కౌంటర్‌కీ గోడౌన్‌కీ మధ్య ఉంది.

కాబట్టి వాట్సాప్ చీటీనే కొంచెం సరిచేశాం. రాత్రి తొమ్మిది లోపు చీటీ పెడితే, పొద్దున్న బండి ఎక్కించకముందే ఏది లేదో ఫోటో మీద గీత గీసి తిరిగి పంపుతారు. లేదని ముందే తెలిస్తే వార్డెన్ ఇంకో చోట తెప్పించుకుంటాడు, కానీ మిగతా చీటీ ఇక్కడే ఉంచుతాడు. మొదట్లో కొడుకు దీన్ని అవమానంగా భావించాడు, మన లోపం మనమే రాసి పంపడం ఏమిటని. మద్దిలపాలెం హాస్టల్ మళ్లీ ఖాతా తెరిచాక ఆ మాట తేలేదు.

అందరూ తిరిగి రాలేదు. ఎంవీపీ కాలనీ మాస్టారు వేరే కొట్టుతో కుదురుకున్నానని మర్యాదగానే చెప్పాడు. తిరిగొచ్చినవాళ్లలో కొందరు పాత అరువు గడువు అడుగుతున్నారు. ఇస్తే చేతిలో డబ్బు ఇరుకవుతుంది. దాని మీద ఇంకా తేలలేదు. మార్గశిర గురువారాల్లో పుస్తకంలో ఆలస్యాలు బాగా పెరిగాయి, ఆ సందుల్లోకి బండి రావడమే కష్టం. వచ్చే ఏడాది ఆ రోజుల్లో బుధవారం రాత్రే సరుకు పంపాలని ఇప్పుడే ఖాతాదారులతో మాట్లాడుతున్నారు.

యాప్‌కి నేను పెట్టిన షరతు ఒక్కటే. ఏ రోజైనా ముందు చెప్పకుండా వెళ్లి ఇరవై సరుకులు ఎంచుకుని లెక్కపెడితే, గోడౌన్‌లో ఉన్నదీ కంప్యూటర్‌లో ఉన్నదీ కలవాలి. కలిసిన రోజు యాప్ కంపెనీని నేనే పిలుస్తాను. కోడలు మినపగుళ్లు, ఇడ్లీ రవ్వ, కందిపప్పుతో ఆ లెక్క మొదలుపెట్టింది. సరుకు దిగిన గంటలోనే ఎంట్రీ వేయడానికి గోడౌన్ గుమ్మం దగ్గర ఒక పాత ఫోన్ పెట్టారు. మూడింటిలో కందిపప్పు లెక్క ఇంకా కలవడం లేదు.